నల్లా మేస్త్రి కోట చూసిన రోజు

భూమికకు టికెట్టు లేదన్నరు.
పన్నెండేండ్లని నేను చెప్పకముందే
గేటు కాడి మనిషి దాని జడలు చూసి
లోపలికి పొమ్మని చెయ్యి ఊపిండు.

ఫతే దర్వాజా గుమ్మటం కింద
అందరూ చప్పట్లు కొడుతున్నరు.
పైన బాలాహిస్సార్ దాక ఇనపడుతదంట.
నేను కొట్టలే.
నా కండ్లు అప్పటికే గోడ మీదున్నయి.
సున్నం రాలిన కాడ, మోకాలెత్తుల,
ఒక మట్టి పైపు నోరు తెరుచుకొని ఉంది.

ఇరవై రెండేండ్ల సంది ఈ పట్నంల నల్లాలు బిగిస్తున్న.
మెహదీపట్నం అపార్ట్‌మెంట్లల్ల, నార్సింగి విల్లాలల్ల
గోడ కోసి, పైపు దాచి, మళ్ల సిమెంటు పూసి
నేనొచ్చిన జాడ లేకుంట బయటపడుడే నా పని.
మా ఉస్తాద్ బాలనర్సయ్య అంటుండె:
"మంచి పని ఎవనికీ కనపడది రా.
కనపడ్డదంటే కారుతున్నట్టు."

గైడు మొయిజ్ భాయ్ రాజుల పేర్లు చదువుతున్నడు,
ఎవరి తర్వాత ఎవరు,
ఎవరు ఎవరి కండ్లు పీకించిన్రు,
వజ్రాలు ఏ గదిల, ఫిరంగి ఏ బురుజు మీద.
నేను పైపుల వేలు పెట్టి చూసిన.
రెండించీలు. కొంచెం ఎక్కువే.
ఒకదాని మూతిల ఇంకోటి దూరి, సందుల సున్నం,
సున్నంల ఇంకేం కలిపిన్రో, బెల్లమో, గుడ్డు సొనో.
వెంట్రుక వాసి వంకర లేదు.
లెవెల్ పట్టీ లేని కాలంల
ఈ వాలు ఎట్ల తెచ్చినవు రా నాయినా?
జవాబు లేదు. పేరు లేదు.
దర్వాజల మీద పారసీ రాతలున్నయి గాని
అవి రాజులవి.

ఎడ్లు తిరిగి తిరిగి, చక్రం మీద కుండలు లేసి,
ఒక తొట్టి, దాని పైన ఇంకో తొట్టి,
మనం రొప్పుకుంట ఎక్కే ఈ గుట్టను
నీళ్లు ఆయాసం లేకుంట ఎక్కినయంట.
మా బస్తీకి నీళ్లు దినం తప్పి దినం,
అదీ రాత్రి రెండింటికి.
నల్లా మేస్త్రి ఇంట్ల నల్లా
ముందుగాల దగ్గుతది, తర్వాత గాలి ఊదుతది,
ఆ పైన ఇంత ఎర్రగ పోస్తది.

రాణి మహల్ల ఫౌంటెన్ నడుమ బిస్కెట్ కవరు.
దీపాలు పెట్టిన గూళ్లల్ల పావురాలు.
సున్నంల చెక్కిన పువ్వులు అక్కడక్కడ ఇంకా తెల్లగ,
పాలపండ్ల లెక్క.
వాటి కింద ఎవరో మేకుతోని గీకిండు: మహేందర్, 2011.
పైపులేసినోనికి లేని పేరు
ఈనికున్నది.

దర్బారు గదిల మొయిజ్ భాయ్ నా బిడ్డను ఒక మూలకు,
నన్ను ఎదురు మూలకు నిలబెట్టిండు.
"గోడకు చెప్పు బేటా, మెల్లగ.
రాజు ముంగట గుసగుస గూడ దాగకపోయేది."
గోడకు చెవి పెట్టి కండ్లు మూసుకున్న.
రాయి సల్లగ తగిలింది.
మొదలు ఏం లేదు.
తర్వాత నా నెత్తురు చప్పుడు.
ఆ తర్వాత, యాడ్నో లోతుల కెళ్లి,
కొత్త లైనుల మొదటిసారి నీళ్లొచ్చినప్పుడు
ఎట్ల ఇనపడుతదో అట్ల,
భూమిక గొంతు:
"నాయినా, దూపైతుంది."

మా సీసా రెండొందల మెట్ల కాడనే ఖాళీ.
దిగినం. మాట్లాడకుంట దిగినం.
కింద గేటు పక్కన నీలం డ్రమ్ము,
డ్రమ్ముకు నల్లా. అది దోసిలి పట్టి తాగింది,
మొకం కడుక్కుంది, మళ్ల తాగింది.
నల్లా మెడ కాడ బొట్టు బొట్టు కారుతుంది.
జేబుల టేపు ఎప్పుడుంటది.
నల్లా విప్పి, బొటనవేలు అడ్డం పెట్టి,
రెండు చుట్లు చుట్టి బిగించిన.
అంగీ సగం తడిసింది. ఎవరూ చూడలే.

పోయేటప్పుడు దర్వాజా కింద ఆగి
"ఇప్పుడన్న కొట్టు నాయినా" అన్నది.
కొట్టిన.
చేతులు తడిగుండి
చప్పుడు సరిగ రాలే.